బల్ల ఆదివారం వస్తోంది, హాల్లో 74 మంది ఉన్నారు

స్వర్ణముఖి ఒడ్డున, తిరుపతికి దగ్గర్లోని ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఆదివారం ముంచుకొస్తోంది కాబట్టి వరస తప్పించి దీన్నే ముందు తీసుకున్నాం.

రాసినావిడకు నలభై రెండేళ్లు. ఊరి చర్చిలో స్త్రీల సమాజం పనులు చూస్తారు. భర్త అదే సంఘానికి కోశాధికారి. మంగళవారం రాత్రి తుఫాను వానకు ఏరు పొంగి యానాది కాలనీలోకి, కింది వీధిలోకి నీళ్లొచ్చేశాయి. పాస్టరుగారు కమిటీలో ఎవరినీ అడక్కుండా చర్చి తాళం తీసేశారు. తెల్లారేసరికి లోపల 19 కుటుంబాలు, 74 మంది. వాళ్లలో 22 మంది పిల్లలే. హాలు 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. మరుగుదొడ్లు రెండుంటే ఒకటి బుధవారం నుంచి పొంగుతోంది. క్రిస్మస్ కోసం దాచిన డబ్బులో సగం రెండు రోజుల వంటకే అయిపోయింది. శనివారానికల్లా అందరినీ హైస్కూలుకు పంపేయాలని భర్త పట్టుబడుతున్నారు. ఒక్కరినీ కదపనని పాస్టరుగారు. ఈ ఆదివారం నెలలో మొదటిది, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) ఉంది. ఊళ్లో కొందరు కుర్రాళ్లు భోజనాల వీడియో తీసి, 'మతం మార్చడానికే ఈ అన్నం' అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. వచ్చినవాళ్లలో అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాడొకడు లోపలికి రాకుండా వరండాలోనే తడుస్తూ పడుకుంటున్నాడు. ఒకాయన రాత్రి తాగొచ్చి గోల చేస్తున్నాడు. కింది వీధివాళ్లు కొందరు యానాదుల పక్కన కూర్చుని తినం అంటున్నారు. ఉత్తరం చివర్లో ఒక్క ముక్క: ఎనిమిదో నెల అమ్మాయి ఒకతి ఉంది, కాళ్లు వాచాయి, తలనొప్పి అంటోంది. 'ఇంట్లో మా ఆయనకూ నాకూ మాటల్లేవు. నేనెవరి వైపు నిలబడాలి?' అని అడిగారు.

అమ్మా, మీరు చివర రాసిన ముక్కే మొదట చూడాల్సింది. ఎనిమిదో నెలలో కాళ్ల వాపుతో పాటు తలనొప్పి ఉందంటే బీపీ పెరిగి ఉండొచ్చు. కళ్లు మసకలు కమ్మడం, డొక్క పైభాగంలో నొప్పి కూడా తోడైతే గంటలు లెక్కపెట్టుకోవాల్సిన పరిస్థితి. తుఫాను కంగారువల్ల తలనొప్పి అనుకుని మాత్ర ఇచ్చి పడుకోబెట్టొద్దు. ఇది చదివిన వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి మీ వీధిలోకి రాలేకపోతే తారురోడ్డు దాకా ట్రాక్టర్‌లోనైనా తీసుకెళ్లి, తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి చేర్చండి. ఏఎన్ఎమ్ దగ్గర్లో ఉంటే బీపీ చూస్తుంది. ఆవిడ కోసం ఎదురుచూస్తూ మాత్రం ఆగొద్దు.

ఇక ఎవరి వైపు అన్న సంగతి. మీ ఆయనా పాస్టరుగారూ పోట్లాడుకుంటున్నది దయ గురించి అని మీకు అనిపిస్తోంది. నాకైతే చోటు గురించి అనిపిస్తోంది. సహాయ శిబిరాలకు ప్రపంచమంతా వాడే స్ఫియర్ ప్రమాణాల్లో మనిషికి కనీసం మూడున్నర చదరపు మీటర్ల నీడ ఉండాలని రాశారు. అడుగుల్లో చెబితే సుమారు 38. మన తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు. అంటే మనిషికొక అంకణం అన్నమాట. మీ హాలు 1,200 చదరపు అడుగులు, 33 అంకణాలు. వేదిక, బెంచీలు పేర్చిన మూల తీసేస్తే ముప్పై మందికి సరి. ఒక్క రాత్రికి 74 మంది కాదు, వంద మందినైనా కూర్చోబెట్టొచ్చు, తలుపు తీసి పాస్టరుగారు మంచి పనే చేశారు. వారం రోజులు అదే చోట పడుకోబెడితే దగ్గు, గజ్జి, కళ్లకలక ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. మీ ఆయన కంగారులోనూ నిజముంది. కాబట్టి ఉంచాలా పంపాలా అని కాకుండా, ఎవరిని ఉంచాలి, ఎవరిని ఎక్కడికి పంపాలి అని కమిటీలో అడగండి.

దానికి మూడు దారులున్నాయి. అందరినీ హైస్కూలుకు పంపితే గదులు ఎక్కువ, మరుగుదొడ్లు ఎక్కువ, మీ హాలు ఆదివారానికి ఖాళీ. కానీ బడి తెరిచిన రోజున వీళ్లను మళ్లీ కదపాలి. కాలనీవాళ్లు మేకల్ని, వలల్ని వదిలి అంత దూరం వెళ్లరు, రెండో రోజుకు తడి ఇళ్లలోకే తిరిగి వెళ్లిపోతారు. అందరినీ మీ దగ్గరే ఉంచుకుంటే ఎవరినీ కదపక్కర్లేదు గానీ పైన చెప్పిన జబ్బులు, ఉన్న ఒక్క మరుగుదొడ్డి మీ మెడకు చుట్టుకుంటాయి. మూడోది సగం సగం. పసిపిల్లలున్నవాళ్లు, ముసలివాళ్లు, నడవలేనివాళ్లు ఉన్న ఏడెనిమిది కుటుంబాలు హాల్లో, మిగతావాళ్లు స్కూల్లో. నా మొగ్గు దీనివైపే. ఒక్క జాగ్రత్త ఉంది. ఆడవాళ్లను ఇక్కడ, మగవాళ్లను అక్కడ అని విడగొట్టకండి. అర్ధరాత్రి భార్యాబిడ్డల్ని చూసుకోవడానికి మగవాళ్లు నీళ్లలో నడిచి వస్తారు. కుటుంబం మొత్తం ఒకచోటే ఉండాలి. కాలనీవాళ్లందరినీ ఒకవైపు, కింది వీధివాళ్లందరినీ ఇంకోవైపు కూడా పెట్టొద్దు. అది కులాన్ని బట్టి పంచినట్టే అవుతుంది.

ఏ దారి పట్టినా శుక్రవారం పొద్దున్నే సచివాలయానికి వెళ్లాలి. మీ కేంద్రం ప్రభుత్వ లెక్కలోకి ఎక్కకపోతే ఈ 19 కుటుంబాలు నష్టపోతాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను అప్పుడు శిబిరాల నుంచి ఇళ్లకు వెళ్లే కుటుంబానికి 2,500 రూపాయలు, ఒంటరి మనిషికి 1,000 ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఈసారి ఎంతన్నది వీఆర్వో చెప్పాలి. ఏదైనా ఇచ్చేది జాబితాలో పేరున్నవాళ్లకే. కుటుంబ పెద్ద పేరు, ఎంతమంది, ఇంటి నంబరు లేదా కాలనీ, ఆధార్ ఉందా లేదా, పసిపిల్లలు, రోజూ మందులు వాడేవాళ్లు, ఇంతే. రెండు కాపీలు రాసి ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆధార్ నీళ్లలో పోయిందని ఎవరి పేరూ వదిలేయొద్దు. యానాది కుటుంబాల్లో మొదటినుంచీ కార్డే లేనివాళ్లు ఉండొచ్చు, వాళ్ల పేర్లే ముందు రాయండి. వీఆర్వో దొరక్కపోతే తహసీల్దారు ఆఫీసు, అదీ కాకపోతే కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ 1077.

లెక్కలోకి ఎక్కితే బియ్యం, పప్పు రావడానికి దారి ఏర్పడుతుంది, మీ క్రిస్మస్ నిధి మీద బరువు తగ్గుతుంది. దానికో ఖరీదు ఉంది. అధికారులు వస్తూ పోతూ ఉంటారు, ఫొటోలు తీస్తారు, మీకు తోచిన రోజున మూసేస్తామంటే కుదరదు. ఇది కమిటీకి ముందే చెప్పి ఒప్పించండి.

ఈ పేర్లను సంఘం పుస్తకంలో మాత్రం రాయకండి. బయట కొన్న కొత్త నోటుపుస్తకం, అట్ట మీద 'వరద బాధితుల వివరాలు' అని ఉండాలి. చర్చి పేరు, ముద్ర, లెటర్‌హెడ్ ఏదీ వద్దు. ఎందుకంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవాళ్లకే. క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. కింది వీధిలో ఎస్సీ కుటుంబాలుంటే, చర్చి రిజిస్టర్లో తమ పేరు ఉందన్న ఊహకే వాళ్లు హడలిపోతారు. పిల్లల సర్టిఫికెట్ దగ్గర ఎవరో ఆ పేజీ తిరగేస్తారేమోనని భయం. యానాదులు ఎస్టీలు, ఎస్టీ హోదాకు మతంతో పని లేదు, వాళ్లకా ఇబ్బంది లేదు. అయినా అందరికీ ఒకటే పుస్తకం మేలు.

వాట్సాప్ వీడియోకు జవాబు వీడియో పెట్టకండి. ఆ కుర్రాళ్లకు కావలసింది అదే. చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. అన్నం వడ్డించే ముందు మైకులో ప్రార్థన వద్దు, తినేవాళ్లు ఆగి వినాల్సి వస్తుంది. మీ వంటమనుషులు వంటింట్లో ప్రార్థించుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కరపత్రాలు, కొత్త నిబంధన పుస్తకాలు ఆ హాల్లో ఈ వారం కనపడకూడదు. బ్యానర్ ముందు నిలబెట్టి ఫొటోలు తీయడం అసలే వద్దు. ఊళ్లోని గుడి కమిటీ పెద్దల్ని, మసీదు పెద్దల్ని పిలిచి ఒక పూట వడ్డించమనండి. వచ్చి చూసినవాళ్లు ఊళ్లో చెప్పే మాటకు ఏ వీడియో చాలదు.

ఆ మాల వేసుకున్న కుర్రాడి సంగతి మీరు రెండు ముక్కల్లో తేల్చేశారు గానీ, వీడియో తీసినవాళ్ల చేతికి రేపు చిక్కేది అతనే. 'లోపలికి రా' అని బలవంతం చేయొద్దు. 'స్వామీ, మీకేం కావాలి' అని అడగండి. అతనికి కావాల్సింది వానజల్లు పడని నాలుగడుగుల చోటు, పొద్దున్నే స్నానానికి రెండు బకెట్ల నీళ్లు, విడిగా వండుకోవడానికి చిన్న గ్యాస్ స్టవ్వు, ఒక కొత్త గిన్నె. వరండా చివర టార్పాలిన్ కట్టిస్తే సరిపోతుంది. దగ్గర్లో అయ్యప్ప సన్నిధానం ఉంటే గురుస్వామికి ఒక ఫోన్ చేయండి. ఈ నెలలో అక్కడ స్వాములకు భిక్ష పెడుతూనే ఉంటారు, బహుశా వాళ్లే వచ్చి తీసుకెళ్తారు. వెళ్లాలా వద్దా అన్నది అతని ఇష్టం. ఇంట్లోవాళ్లు మీ హాల్లో ఉన్నప్పుడు వదిలి వెళ్లకపోవచ్చు కూడా.

యానాదుల పక్కన తినం అన్నవాళ్ల విషయంలో మాత్రం దారులు చూపించను. ఒకటే వరస, ఒకటే రకం పళ్లేలు, వడ్డన పిల్లల నుంచి మొదలు. ఇష్టం లేనివాళ్లు తమ పళ్లెం పట్టుకుని బయట కూర్చుని తినొచ్చు. వాళ్ల కోసం ఇంకొకరిని మాత్రం లేపకూడదు.

ఇక నీళ్లు, మరుగుదొడ్లు. ఇక్కడే శిబిరాలు దెబ్బతినేది. మనిషికి రోజుకు తాగడానికి, వంటకు, ఒళ్లు కడుక్కోవడానికి కలిపి 15 లీటర్లు కనీసం. 74 మందికి 1,110 లీటర్లు. మీ సంపు 5,000 లీటర్లని రాశారు, నాలుగు రోజులకు సరి. వరదనీళ్లు సంపు మూతి మీదుగా పారాయా? పారితే ఆ నీళ్లు పారబోసి, గోడలు తోమి కడిగి, కొత్తగా నింపాల్సిందే. పారకపోతే తేటనీళ్లకు 1,000 లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్, అంటే మీ సంపుకు 12 నుంచి 13 గ్రాములు. నీళ్లు కాస్త మబ్బుగా ఉంటే రెట్టింపు. పొడిని నేరుగా సంపులో చల్లడం మామూలుగా చేసే తప్పు. చిన్న బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. సున్నం అడుక్కి దిగుతుంది. పైనున్న తేటను మాత్రమే సంపులో పోసి గంటసేపు ఆగాలి. తరువాత గ్లాసులో పట్టి చూస్తే లీలగా క్లోరిన్ వాసన తెలియాలి. ఏ వాసనా లేదంటే పౌడర్ పాతదన్నమాట. మూత తీసిపెట్టిన సంచిలోది నెలలు గడిస్తే సత్తువ చచ్చిపోతుంది. ఒక టీ చెంచాకు ఎన్ని గ్రాములు పడుతుందో కిరాణా కొట్టు త్రాసులో ఒకసారి తూచుకుంటే రోజూ అంచనా కట్టే పని ఉండదు.

పొంగుతున్న దొడ్డికి పైపులో ఏదో అడ్డం పడిందనుకుని కర్ర పెట్టి పొడుస్తూ ఉంటారు. వానకు భూమి నీళ్లతో నిండిపోయి, సెప్టిక్ ట్యాంకు నుంచి నీళ్లు ఇంకడానికి చోటు లేదు, అందుకే వెనక్కి తంతోంది. బకెట్లకొద్దీ నీళ్లు పోస్తే ఇంకా పొంగుతుంది. సక్షన్ లారీని పిలిపించండి. ట్యాంకు మొత్తం తోడనివ్వకండి, సగం చాలు. చుట్టూ నేల నానిపోయి ఉన్నప్పుడు ట్యాంకు ఖాళీ అయితే బయటి నీటి ఒత్తిడికి ఇటుక గోడ లోపలికి కూలొచ్చు. ఇరవై మందికి ఒక దొడ్డి అన్న లెక్కన మీకు నాలుగు కావాలి. వంద గజాల లోపల సంఘస్థుల ఇళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. ఫలానా నాలుగు కుటుంబాల ఆడవాళ్లు ఫలానా ఇంటికి అని పేర్లు రాసి గోడకు అంటించండి. 'ఎవరింటికైనా వెళ్లండి' అంటే ఎవరూ వెళ్లరు, మొహమాటం. కడిగేవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి: బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట యాసిడ్ పోయకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి, తలుపేసిన చిన్న దొడ్డిలో మనిషి ఊపిరాడక పడిపోతాడు.

వంట మీకు చెప్పక్కర్లేదు. ఒక్క లెక్క రాసుకోండి: పిల్లలతో కలిపి మీ 74 మందికి పూటకు ఎనిమిది కిలోల బియ్యం, రెండు కిలోల కందిపప్పు సరిపోతాయి. పదిహేను కిలోలు వండి మిగిలింది రాత్రికి ఉంచడం దగ్గరే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. గుండిగలో మూతపెట్టిన అన్నం నడుమ గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది, పాడయ్యేది అక్కడే. వండిన రెండు గంటల్లో వడ్డన అయిపోవాలి. ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లలో కలిపి, ఆ రోజులోపే వాడాలి. గ్లాసు నీళ్లలో కాస్త కాస్త కలపడం తప్పు. పిల్లలకు జింకు మాత్రలు ఆశా దగ్గర అడగండి. కరెంటు పోయి జనరేటర్ తెప్పిస్తే దాన్ని బయటే, కిటికీలకు దూరంగా పెట్టాలి. వానకు తడుస్తుందని వరండాలోకి లాగితే దాని పొగ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తాగొచ్చినాయన్ని వానలో గెంటేయడం వల్ల లాభం లేదు, రెండు గంటలకు ఇంకా తాగి వస్తాడు. పగలు, మత్తు దిగాక, అతని వీధి పెద్దమనిషి ముందు మాట్లాడండి: తాగితే ఆ రాత్రి వరండాలో, ఇద్దరు మగవాళ్ల మధ్య పడక. హాల్లో రాత్రంతా ఒక లైటు వెలగాలి, దొడ్డి దారిలో ఇంకొకటి. సచివాలయం మహిళా పోలీసును రోజుకోసారి రమ్మనండి. ఎవరి మీదైనా చెయ్యి వేస్తే మాత్రం పెద్దమనుషుల పంచాయితీ వద్దు, 112. పిల్లల విషయమైతే 1098.

ఆదివారానికి వద్దాం. ప్రభువు బల్లకు హాలే కావాలని లేదు. ఒక సంఘస్థుడి మిద్దె మీద షామియానా వేసి పొద్దున ఆరున్నరకు గంటసేపట్లో ముగించవచ్చు. వాన పడితే రెండిళ్లలో రెండు గుంపులుగా జరుపుకోవచ్చు, పాస్టరుగారికి అటూ ఇటూ తిరగడం శ్రమ. బల్లను ఒక వారం వాయిదా వేస్తే పెద్దలకు బాధగా ఉంటుంది గానీ ఏ నియమమూ తప్పినట్టు కాదు. ఎట్లా చూసినా వద్దనేది ఒకటుంది: తలదాచుకున్నవాళ్ల చాపలు పక్కకు జరిపించి అదే హాల్లో ఆరాధన పెట్టడం. 'ఇష్టమైతే ఉండండి, లేకుంటే బయటికెళ్లండి' అంటారు, బయట వాన. వెళ్లడానికి చోటు లేనివాళ్లకు అది ఇష్టం ఎలా అవుతుంది? ఆ వాట్సాప్ వీడియో చెప్పినదాన్ని మనమే నిజం చేసినట్టవుతుంది.

మీ ఆయన గురించి. ఆయన అన్నం పెట్టొద్దంటున్నారని మీరు కోపంగా ఉన్నారు. ఉత్తరంలో ఆయన అన్నట్టుగా మీరు రాసిన మాటల్ని మళ్లీ చదివితే, 'రేపు జనరల్ బాడీలో లెక్క నేను చెప్పాలి' అని రెండు చోట్ల ఉంది. తీర్మానం లేకుండా తన చేతి నుంచి డబ్బు పోతోందని ఆయన భయం. అది తీర్చగల భయం. శుక్రవారం సాయంత్రం కమిటీ పది నిమిషాలు కూర్చుని, మంగళవారం నుంచి అయిన ఖర్చును ఒప్పుకుంటూ, ఇకముందు ఇంతవరకే అని ఒక హద్దు పెడుతూ తీర్మానం రాస్తే చాలు. వరద ఖర్చుకు వేరే పుస్తకం, ప్రతి చీటీ మీద రెండు సంతకాలు, బియ్యం బస్తా ఎవరిచ్చినా తేదీతో నమోదు. అమెరికాలో ఉన్న బంధువు డబ్బు పంపుతానన్నారని రాశారు కదా, అక్కడ జాగ్రత్త. ఆయన ఇంకా భారత పౌరుడైతే తన సంపాదన పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు లేని చర్చి ఖాతాలో అది పడకూడదు. కోశాధికారి భార్యగా ఈ ఒక్క విషయం మీరే ఆయనతో ఎత్తండి. మాటలు మళ్లీ మొదలుపెట్టడానికి లెక్కల పుస్తకం కంటే తేలిక దారి నాకు తోచడం లేదు.

వాన ఆగిందని శనివారమే ఇళ్లకు పంపేయకండి. 2021 నవంబరులో వాన జోరు తగ్గాకే తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట కారడం మొదలై కింది ఊళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. మీ ఎగువన ఉన్న చెరువుల కట్టలు, కల్యాణి డ్యామ్ గేట్ల సంగతి వీఆర్వోను అడిగాకే కదలాలి. వెళ్లే ముందు మగవాళ్లు ఇద్దరిద్దరుగా పగటిపూట వెళ్లి చూసి రావాలి. మీటరు తడిస్తే లైన్‌మన్ వచ్చేదాకా స్విచ్ తాకొద్దు. మూలల్లో, కట్టెల మోపు కింద పాములుంటాయి, కర్రతో తట్టాకే చెయ్యి పెట్టాలి. కాటు పడితే కట్టు కట్టడం, కోయడం లాంటివేవీ వద్దు, కదలకుండా పడుకోబెట్టి 108లో రుయా ఆసుపత్రికి. బురద ఎత్తిపోసే ముందే, కూలిన గోడను, నీళ్లు నిలిచిన గుర్తును ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోమనండి. నష్టం రాసుకోవడానికి వీఆర్వో వచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉంటే చూపించడానికి ఇంకేమీ ఉండదు. ఫోన్ లేని కాలనీ ఇళ్లకు మీ స్త్రీల సమాజంలో ఒకరు వెళ్లి తీసిపెట్టండి.